మాస్టారి చెవి, మా ప్లాటర్

భీమవరంలో జువ్వలపాలెం రోడ్డు మీద, ఒక మేడ పైభాగంలో రెండు గదుల్లో ఉండేది మా సర్వే ఆఫీసు. కింద ఎరువుల కొట్టు, పక్కన రొయ్యల మేత అమ్మే డీలరు. మెట్లెక్కినంత సేపూ ఆ రెండు వాసనలు, పైకెళ్ళి తలుపు తీస్తే అమోనియా ఘాటు. ట్రేసింగ్ షీట్ల మీంచి ప్రింట్లు తీసే పెట్టె లోపలి గదిలోనే ఉండేది మరి. 1993లో సివిల్ డిప్లొమా పాసై నేను అక్కడ పనిలో చేరాను. ఈ రోజుకీ ఎక్కడైనా ఆ ఘాటు తగిలితే, వెనకాలే ఒక చప్పుడు కూడా వినిపిస్తుంది నాకు. కిర్రుమని కాగితం జరగడం, టక్కుమని పెన్ను వాలడం. మా ప్లాటర్ చప్పుడు.

ప్లాటరంటే కంప్యూటరులోని ప్లానుని కాగితం మీద గీసిపెట్టే యంత్రం. ఇప్పుడైతే ఇంకు చిమ్మే పెద్ద మెషినే అందరికీ తెలుసు. మాది నిజంగా పెన్ను పట్టుకుని గీసేది. హెచ్‌పీ 7475ఏ, 1983లో వచ్చిన మోడల్. బల్ల మీద పట్టేంతే ఉంటుంది, ఏ3 కాగితం దాకా తీసుకుంటుంది. ఒక చిన్న చక్రంలో ఆరు పెన్నులు గుచ్చి ఉంటాయి. కావలసిన రంగు కోసం దాని చెయ్యి అక్కడికి వెళ్ళి, చేతిలో ఉన్న పెన్ను పెట్టేసి ఇంకోటి తీసుకుంటుంది. పెన్ను అడ్డంగా తిరుగుతుంటే కాగితం ముందుకీ వెనక్కీ జరుగుతుంది. కాగితాన్ని జరిపేవి రెండు గరుకు చక్రాలు, వాటి మీద కాగితాన్ని అదిమిపెట్టేవి రెండు రబ్బరు చక్రాలు. ఒక మిల్లీమీటరును 40 భాగాలు చేసి లెక్కపెట్టుకునేది ఆ యంత్రం. దాని భాష పేరు హెచ్‌పీజీఎల్. ఎస్‌పీ1 అంటే ఒకటో పెన్ను తీసుకో, పీడీ అంటే దించు, పీయూ అంటే ఎత్తు. ఎవరైనా రెండు రోజుల్లో నేర్చుకోవచ్చు. నాకైతే ఒక్క రాత్రిలో వచ్చేసింది, అంత సరదా పుట్టింది.

మా సారు దాన్ని విశాఖపట్నంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. బస్సులో పక్క సీటుకి కూడా టిక్కెట్టు తీసుకుని, దుప్పటిలో చుట్టి, ఒళ్ళో చంటిబిడ్డలా పట్టుకుని తెచ్చారు. దానికి తోడు ఒక 386 కంప్యూటరు, అందులో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ రిలీజ్ 12. ఆ రిలీజ్‌కి మ్యాథ్స్ కోప్రాసెసర్, అంటే లెక్కల కోసం వేరే చిప్, తప్పనిసరిగా ఉండాలి, అది విడిగా కొనాల్సి వచ్చింది. అంత ఖర్చు ఎందుకు పెట్టారంటే, అప్పుడు పని అలా వచ్చి పడుతోంది. భీమవరం, ఆకివీడు, మొగల్తూరు, నరసాపురం, ఎటు చూసినా వరి చేలు చెరువులవుతున్నాయి. టైగర్ రొయ్య అందరినీ ఊపేస్తున్న కాలం. చెరువు తవ్వాలంటే బ్యాంకు లోను కావాలి, లోనుకి ప్లాను కావాలి. గట్లు ఎక్కడ, నీళ్ళొచ్చే తూము ఎక్కడ, మురుగు ఏ డ్రెయిన్లోకి వెళ్తుంది, పంపు షెడ్డు ఎక్కడ, అన్నీ లెవెళ్ళతో సహా చూపించాలి. వంద ఎకరాల చెరువు 1:2500 స్కేలులో ఏ3 కాగితం మీద సరిగ్గా సరిపోతుంది. అందుకే మాకు అంతకంటే పెద్ద ప్లాటర్ అక్కర్లేకపోయింది.

అప్పటిదాకా ఆ ప్లాన్లన్నీ చేత్తో గీసింది మాస్టారు. సారు కూడా ఆయన్ని మాస్టారనే పిలిచేవారు. ముప్పై ఏళ్ళుగా డ్రాయింగ్ బల్ల దగ్గరే బతికిన మనిషి. తెల్ల చొక్కా, పంచె, జేబులో రోట్రింగ్ పెన్నులు. యంత్రం వచ్చిందని ఆయన నొచ్చుకుంటారేమోనని సారుకి లోపల బెంగగా ఉండేది. దుప్పటి విప్పి బల్ల మీద పెట్టగానే మాస్టారు కళ్ళజోడు సర్దుకుని దగ్గరికొచ్చి, యంత్రం వైపు చూడకుండా నన్ను అడిగారు.

"పెన్నులేవిరా అబ్బాయ్?"

తీసి ఇచ్చాను. ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశారు.

"మూడు చచ్చిపోయాయి. కడక్కుండా వాడారు ఎవరో. వేణ్ణీళ్ళు పెట్టు."

ఇక్కడ కొంచెం చెప్పాలి. ప్లాటర్‌కి రెండు రకాల పెన్నులుండేవి. స్కెచ్ పెన్నుల్లాంటి రంగు పెన్నులు ఒక రకం, ఇండియన్ ఇంకు పోసుకునే డ్రాఫ్టింగ్ పెన్నులు ఇంకో రకం. రంగు పెన్నులతో గీస్తే కంటికి బాగుంటుంది గానీ, ఆ గీత వెలుతురుని పూర్తిగా ఆపదు. అమోనియా ప్రింటు తీయాలంటే ట్రేసింగ్ షీటు మీద గీత వెలుతురుని ఆపాలి, లేకపోతే ప్రింటులో గీత వెలిసిపోయినట్టు వస్తుంది. అందుకని మాకు నల్ల ఇంకు డ్రాఫ్టింగ్ పెన్నులే ప్రాణం. వాటి మొన ఒక సన్నటి గొట్టం. గొట్టంలో వెంట్రుకంత తీగ, దాని వెనక చిన్న బరువు. పెన్ను ఊపితే ఆ బరువు టిక్ టిక్‌మంటుంది. ఆ శబ్దం రాకపోతే లోపల ఇంకు గడ్డకట్టిందని అర్థం. మాస్టారికి ఇదంతా కొత్త కాదు, ఆయన జేబులో ఉన్నవీ అవే. ప్లాటర్ కోసం పొట్టిగా చేశారంతే.

ఆ సాయంత్రం స్టీలు గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి, రెండు చుక్కల సబ్బు వేసి, చచ్చిపోయాయన్న మూడింటినీ నానబెట్టారు. పొద్దున్న రెండు లేచాయి. మూడోదాని తీగని నేను బయటికి లాగి శుభ్రం చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "దాన్ని పూర్తిగా లాగకూడదు. వంగిందంటే మళ్ళీ దూరదు. ఇంకో రాత్రి నాననీ." మర్నాటికి అది కూడా టిక్కుమంది. ఆయన ముఖంలో వచ్చిన సంతోషం చూడాలి. ఆ రోజుతో ఆ యంత్రం ఆయనదైపోయింది. సారు బెంగ కూడా తీరిపోయింది.

తర్వాత పెన్నుల పద్ధతి అంతా ఆయనే పెట్టారు. రాత్రి ఆఫీసు మూసేముందు చక్రంలోంచి పెన్నులన్నీ తీసి, వాటి సొంత మూతలు పెట్టి, మొన పైకి ఉండేలా గ్లాసులో నిలబెట్టాలి. చక్రంలో కూడా రబ్బరు మూతలుంటాయి గానీ అవి గట్టిపడి గాలి వదులుతున్నాయని ఆయన రెండో రోజే కనిపెట్టారు. శనివారం శనివారం పెన్నులు కడగాలి. ప్లాను మొదలెట్టే ముందు పనికిరాని కాగితం మీద ఒక గీత గీయించి చూడాలి. డ్రాఫ్టింగ్ పెన్నుకి వేగం తగ్గించాలి. యంత్రం వదిలేస్తే సెకనుకి 38 సెంటీమీటర్ల దాకా పరిగెడుతుంది, ఆ పరుగుకి ఇంకు అందదు, గీత మధ్యలో తెగుతుంది. నేను ఫైలు మొదట్లో వీఎస్ 10 అని రాసి సెకనుకి 10 సెంటీమీటర్లకి దించాను. "ఇప్పుడు మనిషి చెయ్యిలా ఉంది" అన్నారు మాస్టారు.

నేను సొంతంగా పట్టుకున్న తప్పు ఒకటుంది, అది చెప్పుకోవాలని నాకు ఇప్పటికీ ఆశ. మొదటి నెలలో చిన్న ప్లాన్లు చక్కగా వచ్చేవి. పెద్ద ప్లాను పెడితే మాత్రం ఐదారు నిమిషాలు బాగానే గీసి, ఉన్నట్టుండి ఈ మూల నుంచి ఆ మూలకి ఒక పిచ్చి గీత గీసేసి, ముందున్న ఎర్ర లైటు వెలిగించేది. ట్రేసింగ్ షీటు పాడు. మళ్ళీ పెడితే ఇంకో చోట పిచ్చి గీత. నాకు టెన్షన్‌తో రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని మాన్యువల్ మొదటి పేజీ నుంచి చదివాను. ప్లాటర్‌లో డేటా దాచుకునే చోటు 1024 బైట్లు మాత్రమే. కంప్యూటరు పంపే వేగం పెన్ను గీసే వేగం కంటే ఎక్కువ. కాబట్టి చోటు నిండగానే ప్లాటర్ "ఆగు" అని చెప్పాలి. ఆ మాట ఒక తీగ మీద వెళ్తుంది. మాకు కేబుల్ చేసిచ్చిన షాపువాళ్ళు మూడు తీగలే కలిపారు. ఆగమని చెప్పే తీగే లేదు. ప్లాటర్ మాట వినపడక కంప్యూటరు పంపుతూనే ఉంది, పొంగిపోయిన అంకెలు ఎక్కడో పడిపోయి, మిగిలిన అంకెలు కలిసి ఆ పిచ్చి గీత అయ్యాయి. రేడియోలు బాగుచేసే ఆయన దగ్గరికి కేబుల్ పట్టుకెళ్ళి, ప్లాటర్ వైపు 20వ పిన్నుని కంప్యూటరు వైపు 5, 6 పిన్నులకి కలిపించాను. ఆ రోజు నలభై నిమిషాల ప్లాను ఒక్క తప్పు లేకుండా వచ్చింది. సారు కిందికెళ్ళి అందరికీ కాజాలు తెచ్చారు.

ప్లాన్లు గీయించేది తెల్లవారుజామున. సాయంత్రం ఆరు దాటితే ఊళ్ళో వోల్టేజి పడిపోయేది, స్టెబిలైజరు టకటకా కొట్టుకునేది. మధ్యలో కరెంటు పోతే ఆ షీటు పోయినట్టే. ప్లాటర్ మళ్ళీ లేచి తన హద్దులు తాను వెతుక్కుంటుంది, కాగితం పాత చోట ఉండదు. అందుకని నాలుగింటికి వచ్చేవాళ్ళం మాస్టారూ నేనూ. ముందురోజు ఫైలుకి తీసి పెట్టుకున్న ప్లానుని కాపీ కమాండుతో పంపడం, అంతే పని. ఫ్యాను వేయడానికి లేదు, గాలికి కాగితం అంచు లేస్తుంది, పెన్ను మొన ఆరిపోతుంది. మే నెలలో కూడా ఫ్యాను లేకుండానే కూర్చునేవాళ్ళం, చెమట షీటు మీద పడకుండా మెడకి తువ్వాలు చుట్టుకుని. కింద రోడ్డు మీద పాలవాళ్ళ సైకిళ్ళు వెళ్ళేవి. మాస్టారు కళ్ళు మూసుకుని వింటూ ఉండేవారు. నిద్రపోతున్నారేమో అనుకునేవాణ్ణి. "మూడో పెన్ను ఆరుతోందిరా" అనేవారు హఠాత్తుగా. వెళ్ళి చూస్తే గీత సన్నబడుతూ ఉండేది. ఆరిన మొన కాగితం మీద వేరేగా గీసుకుంటుందట. ఎంత విన్నా నా చెవికి ఆ తేడా అందలేదు.

ఆ చెవే మమ్మల్ని గట్టెక్కించిన రోజొకటుంది. 1994 జనవరి, సంక్రాంతి, ఊరంతా మావుళ్ళమ్మ అమ్మవారి ఉత్సవాల హడావిడి. మొగల్తూరు వైపు ఒక రాజు గారి చెరువు ప్లాను, పండగ కాగానే బ్యాంకులో ఇవ్వాలి. గీయించాను. చూస్తే పంపు షెడ్డు పక్కన బోరు గుర్తుగా ఉన్న చిన్న గుండ్రం కలవలేదు. మొదలెట్టిన చోటుకీ ముగించిన చోటుకీ అర మిల్లీమీటరు ఎడం. బయటి అంచు గీత చివరి మూల కూడా అంతే తప్పింది. డ్రాయింగ్‌లో తప్పేమో అని చూశాను, లేదు. మళ్ళీ కేబులేమో అనుకుని దాని మీద పడ్డాను. అంతకు నెల ముందు నేను పెన్ను చెయ్యి జారే కడ్డీకి కుట్టుమిషను నూనె రాసి, దానికి దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డు కట్టి, అదంతా తుడవడానికి ఒక పూట పట్టింది. ఆ నూనె ఇంకా ఎక్కడో మిగిలిందేమో అని ఒక రోజు, ఇలా రెండు రోజులు పోయాయి.

మూడో తెల్లవారుజామున మాస్టారు అన్నారు. "కాగితం జారుతోందిరా. ముందుకి వెళ్ళేటప్పుడు కిర్రుమంటోంది. వెనక్కి వచ్చేటప్పుడు సుయ్యిమంటోంది."

నిజమో కాదో తేల్చుకోవాలి కదా. ఒక చతురస్రం మీదే పది సార్లు తిరిగేలా చిన్న ఫైలు రాశాను. పది గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి. పెన్ను ఎంత దూరం పోవాలో దాన్ని బట్టి పడే రెండు గీతలు ఒకే గీతలా ఉన్నాయి. కాగితం జరిగే దాన్ని బట్టి పడే రెండు గీతలు మాత్రం ఈతచాప అంచులా విడివిడిగా వచ్చాయి. అంటే కేబులూ కాదు, పెన్ను చెయ్యీ కాదు, కాగితాన్ని పట్టుకునే చక్రాలే. స్విచ్ తీసి, టార్చిలైటు వేసి చూస్తే గరుకు చక్రాలు తెల్లగా ఉన్నాయి. గరుకే లేదు, నున్నగా మూసుకుపోయింది.

సుద్దపొడి. ట్రేసింగ్ షీటు మీద ఇంకు బాగా పట్టాలని మాస్టారు ముందుగా సుద్దపొడి చల్లి గుడ్డతో తుడిచేవారు. డ్రాయింగ్ బల్ల మీద ముప్పై ఏళ్ళ అలవాటు. ఆయన్ని చూసి నేనూ ప్లాటర్ షీట్లకి అదే చేశాను. తుడిచినా మిగిలిన పొడి, దానికి తోడు కాగితం నూగు, అంతా ఆ చక్రాల గరుకులో కూరుకుపోయింది.

మాస్టారు చాలాసేపు ఏమీ అనలేదు. "నా చెయ్యే దీన్ని పాడు చేసిందన్నమాట" అన్నారు చివరికి. నాకు గొంతు పట్టేసింది. "అలా అనకండి మాస్టారూ, చల్లింది నేను కదండీ" అన్నాను. ఆయన విన్నారో లేదో గానీ, జేబులోంచి కొత్త టూత్‌బ్రష్ తీశారు. తెల్లవారాక మొహం కడుక్కోవడానికి తెచ్చుకున్నదది. దాంతో పొడిగానే, నీళ్ళు గానీ నూనె గానీ తగలకుండా, చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ గంటసేపు రుద్దారు. రబ్బరు చక్రాలు నేను స్పిరిట్ ముంచిన గుడ్డతో తుడిచాను. మళ్ళీ చతురస్రం పెట్టాం. పది గీతలూ ఒక్కటయ్యాయి.

రాజు గారి ప్లాను మళ్ళీ గీయిద్దామంటే, అది గీసిందే మా దగ్గరున్న ఆఖరి ట్రేసింగ్ షీటు, పండగకి కొట్లన్నీ మూసేశారు. ఉన్న షీటునే మాస్టారు బల్ల మీద పరిచి, కలవని ఆ గుండ్రాన్నీ, అంచు మూలనీ తన రోట్రింగ్ పెన్నుతో కలిపారు. తర్వాత ఆయన సుద్దపొడి డబ్బా మా ఆఫీసులో ఇంక కనపడలేదు. షీటు మీద వట్టి చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు, చెమట జిడ్డు ఉన్నచోట ఇంకు పట్టదు కాబట్టి. అంచులే పట్టుకోవాలి, శుభ్రమైన నూలు గుడ్డతోనే తుడవాలి.

వానాకాలం ఇంకో బాధ. మా గోదావరి వైపు గాలిలో తడి సంగతి తెలిసిందే, ఉప్పు గిన్నెలో నీళ్ళూరతాయి. ట్రేసింగ్ కాగితం ఆ తడిని పీల్చి సాగుతుంది. పెద్ద చెరువుని రెండు షీట్ల మీద గీస్తే, ఒక రోజు గీసిన సగానికీ మర్నాడు గీసిన సగానికీ గట్లు కలిసేవి కావు. చెక్క బీరువాలో 60 వాట్ల బల్బు ఒకటి వేలాడదీసి, కాగితాలు ఆ వెచ్చదనంలో ఉంచి, రెండు సగాలూ ఒకే పూట గీయడం మొదలెట్టాక కుదిరింది. పెన్నులు కూడా ఆ బీరువాలోనే పెడదామని నేనంటే మాస్టారు ఒప్పుకోలేదు, ఇంకు ఎండిపోతుందని. కరెక్టే.

1995 వచ్చేసరికి తెల్లమచ్చ వైరస్ చెరువుల్ని ఖాళీ చేసేసింది. మేము ప్లాను గీసిన చెరువుల గట్ల మీద చచ్చిన రొయ్యలు తెల్లగా కుప్పలు పోసి ఉండేవి. కొత్త ప్లాన్లు ఆగిపోయాయి. 1996 నవంబరు 6న తుపాను కోనసీమని ఊడ్చేసింది. ఆ రాత్రి మా ఆఫీసు కిటికీ రెక్క విరిగి జల్లు లోపలికి కొట్టింది. ప్లాటర్ తడవలేదు. సాయంత్రమే మాస్టారు దాన్ని బల్ల కిందికి దించి, టార్పాలిన్ పట్టా కప్పి, మీద రెండు డ్రాయింగ్ బోర్డులు పెట్టి వెళ్ళారట. కోనసీమలో ఆయన అక్కగారి ఊరు ఏమైందో తెలియని రాత్రి అది. అయినా వచ్చి ఈ పని చేసి వెళ్ళారు.

ఆ డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంతంలోని రొయ్యల చెరువుల మీద తీర్పు ఇచ్చింది. పోటు వచ్చినప్పుడు సముద్రం చేరే గీత నుంచి 500 మీటర్ల లోపు చెరువులు తీసేయాలి, పాత పద్ధతివి తప్ప. ఒక్కసారిగా మళ్ళీ పని వచ్చి పడింది, ఈసారి ఎవరి చెరువు గీతకి ఇవతల, ఎవరిది అవతల అని చూపించే పటాలు. 500 మీటర్ల గీత రెండో పెన్నుతో, ఎర్ర రంగులో గీయించేవాణ్ణి. నరసాపురం వైపు నుంచి రైతులు వచ్చి ప్లాటర్ చుట్టూ నిలబడేవారు. ఎర్ర పెన్ను తీసుకోవడానికి ఆ చెయ్యి చక్రం వైపు కదలగానే అందరూ నిశ్శబ్దమైపోయేవారు. చేత్తో గీసి ఉంటే మా మీద కోపగించుకునేవారో, బతిమాలేవారో. యంత్రం గీస్తుంటే చూస్తూ నిలబడ్డారంతే. ఒకాయన గీత పూర్తయ్యాక "ఇంకొంచెం ఇటు జరిగుంటే సరిపోనండి" అన్నారు మాస్టారితో. మాస్టారు ఆయన భుజం మీద చెయ్యి వేసి కిందిదాకా దిగబెట్టి వచ్చారు. సముద్రానికి అంత దగ్గరగా తవ్వడం తప్పేనని నేను నమ్ముతాను, ఉప్పునీటితో పక్క చేలు, తాగే నీళ్ళు పాడయ్యాయి. అయినా ఆ ఎర్ర గీత చప్పుడు మాత్రం నాకు ఇష్టంగా వినబడలేదు ఏనాడూ.

తర్వాత రెండు మూడేళ్ళకి సారు ఇంకుజెట్ మెషిన్ కొన్నారు. పెద్ద షీటు నిమిషాల్లో వచ్చేది. ప్లాటర్ పెన్నులు దొరకడం కష్టమైంది, దాన్ని ఒక టెక్నికల్ స్కూలుకి ఇచ్చేశారు. ఇచ్చే ముందురోజు మాస్టారు గరుకు చక్రాలు మరోసారి బ్రష్‌తో రుద్ది, పెన్నులు కడిగి, ఒక కాగితం మీద వాటి పద్ధతి అంతా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి టేపుతో మూత లోపల అంటించారు. ఆయన 2004లో పోయారు.

పోయిన ఏడాది సారు వాళ్ళ ఇల్లు ఖాళీ చేస్తున్నారంటే వెళ్ళాను. అటక మీద రేకు గొట్టాల్లో పాత ట్రేసింగ్ షీట్లు. కొన్ని చెదలు తినేశాయి. ఒక గొట్టంలో రాజు గారి ప్లాను ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పట్టుకుంటే రెండు అంచుల వెంటా గరుకు చక్రాలు నొక్కిన సన్నటి గుంటల వరసలు కనిపించాయి, వేలితో తడిమితే తెలుస్తున్నాయి. రంగు పెన్నుతో గీసిన తూము గీతలు దాదాపు వెలిసిపోయాయి. నల్ల గీతలు నిన్న గీసినట్టున్నాయి. పంపు షెడ్డు పక్కన బోరు గుండ్రం వెతికాను. గుండ్రం అంతా ఒకే సన్నంగా ఉండి, ఒక్క చోట అర మిల్లీమీటరు మేర గీత కొంచెం లావుగా ఉంది.